పరభాషా బోధనము - వ్యాకరణము

పరభాషను నేర్పునపుడు వ్యాకరణమును ముందు చెప్పవలెనా, వెనుక చెప్పవలెనా, అసలు చెప్ప నక్కరయే లేదా యని పండితులలో చిరకాలముగా వాదము కలదు. మన పల్లెలలో పిల్లలు ఇంగ్లీషు నేర్చుటకై ఏండ్ల తరబడి బడికి పోవుచున్నారు. ఆ చదువునకై అప్పులు చేయు తలిదండ్రులును కలరు. కావున ఈ వాదమును పండితులకే విడువరాదు. పెద్దలైన మీరును విచారింపదగినదే.

19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందు ఫ్రాన్స్వా గువాన్ (1831-1896) అను లాటిను ఉపాధ్యాయు డుండెను. ఆయన జర్మను భాష నేర్వగోరి హాంబర్గు నగరమునకు పోయి, గదిలో కూర్చుండి వ్యాకరణ గ్రంథమును, 248 అపవాద క్రియల పట్టికను పది దినములలో కంఠస్థము చేసెను. పిమ్మట విద్యాలయమునకు పోయి ఉపన్యాసము వినగా ఒక్క మాటయు బోధపడలేదు. నిఘంటువును వల్లించెను, దానివలనను ఫలము లేకపోయెను. ఇంటికి మరలివచ్చి చూడగా, తమ కుటుంబములోని మూడేండ్ల బాలుడు మాతృభాషను చక్కగా మాటలాడుచుండెను. ఆ బాలుడు పిండిమరను చూచివచ్చి, అచ్చట జరిగిన పనుల నన్నిటిని వరుసగా చెప్పుకొనుచు ఆడుకొనెను. భాష జరుగు పనులతో పెనవైచుకొని యుండునని గువాన్ గ్రహించి, 1880లో ఆ బోధనా పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను.

వ్యాకరణము వ్యర్థమని దీని భావము కాదు. సందర్భమునుండి విడదీసిన సూత్రము నోటికి వచ్చును గాని పనికి రాదు. మన భాషనే తీసికొందము. తెలుగు నేర్చుకొను ఇంగ్లీషువానికి 'మేము', 'మనము' అనునవి చిక్కు తెచ్చును. వాని భాషలో రెంటికిని ఒకే మాట. వినువానిని చేర్చుకొనునది 'మనము', చేర్చుకొననిది 'మేము' అని అతడు ఒప్పగింపవచ్చును. కాని గడపలో అతిథి నిలిచియుండగా 'ఇక మేము భోజనమునకు కూర్చుండెదము' అనినచో అతిథి వెనుదిరుగును. 'ఇక మనము' అనినచో కాళ్లు కడిగికొని లోనికి వచ్చును. ఈ రెండు ఘట్టములను తరగతిలో నడిపించి, పిమ్మట సూత్రము చెప్పినచో అది మరపునకు రాదు.

అట్లే మన పిల్లలకు ఇంగ్లీషులోని 'ఎ', 'ది' అను చిన్నమాటలు కష్టము. విడివిడి వాక్యములలో ఖాళీలు పూరింపు మనినచో బాలుడు ఊహించి వ్రాయును. దానికి బదులు ఒక కథ చెప్పుడు: ఒక కుమ్మరి యుండెను. ఆ కుమ్మరికి ఒక గాడిద కలదు. ఆ గాడిద ఒకనాడు తప్పిపోయెను. మొదట 'ఒక' యని పరిచయము చేసి, తెలిసిన పిదప 'ఆ' యనుచున్నాము గదా! ఇంగ్లీషు కథలోను మొదట 'ఎ', తరువాత 'ది' వచ్చును. రెండు భాషలు అన్ని చోట్లను సరిపోవు. సూర్యుని గూర్చి చెప్పునపుడు మన మేమియు చేర్చము. ఇంగ్లీషున 'ది' చేర్చవలెను. ఆ భేదమును మరియొక కథలో చూపవలెను.

కావున క్రమ మిది: మొదట అర్థమగు కథయో, సంభాషణయో, పిమ్మట అందు మరల మరల వచ్చు రూపమును పిల్లలచేతనే గుర్తింపజేయుట, తరువాత సూత్రము, తుదకు ఆ రూపముతో పిల్లలు తమ సంగతులు తాము చెప్పుట. సూత్రమును పూర్తిగా విడిచినను నష్టమే. పసివాడు తల్లి యొడిలో దినమంతయు భాష వినును. పల్లెబడిలో పరభాష చెవిని పడునది కొద్దికాలము. ఆ కొద్దికాలమున కనుగొన్నదానిని నిలుపుకొనుటకు సూత్రము ఊతకఱ్ఱ.

మీకు ఇంగ్లీషు రాకపోయినను మీరు చేయదగిన పని యొకటి కలదు. మనుమడు బడినుండి వచ్చినపుడు సూత్రము ఒప్పగింపు మనకుడు. నేటి పాఠములో ఎవరు ఎవరితో ఏమనిరి, ఆ మాట అచ్చట ఏల వచ్చెను అని యడుగుడు. చెప్పగలిగెనా, వ్యాకరణము వానికి పట్టుబడుచున్నట్లే. చెప్పలేకపోయెనా, ఉపాధ్యాయునితో సౌమ్యముగా ఆ సంగతి ముచ్చటింపుడు.