పాలెం మంచితనం ఎక్కడ నుంచి వచ్చింది?

(కంచరపాలెంలో జరిగిన వీధి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంచరపాలెం ఊరా, పట్నమా అని అడిగితే మేం ఒక్క మాటలో చెప్పలేం. విశాఖ కార్పొరేషన్‌లో ఉన్నాం, ఇంటి పన్ను కడుతున్నాం. ఒక పక్క హైవే, ఇంకో పక్క రైలు పట్టాలు. అయినా సాయంత్రమైతే అరుగుల మీద చేరతాం. ఎవరింట్లో చేపల పులుసు కాగుతుందో నాలుగిళ్లకి తెలుస్తుంది. కోడిపుంజు కూతకీ, ఇంజను కూతకీ కలిపి లేస్తాం. ఎవరైనా చనిపోతే కబురు పంపకముందే వీధి వీధంతా గుమ్మం ముందుంటుంది.

ఇదంతా చూసి బయటి నుంచి వచ్చినోళ్లు "ఎంత బాగుందండీ, పల్లెటూరి ప్రేమలు ఇంకా బతికే ఉన్నాయి" అంటారు. 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. సినిమా మంచిదే. అంతకుముందు ఎన్నడూ కెమెరా ముందుకి రాని ఇక్కడి మనుషుల్నే తెరమీదికి తెచ్చింది. కానీ మెచ్చుకున్నోళ్లు ఒక సంగతి దాటేశారు. ఆ సినిమాలో జోసెఫ్‌కీ భార్గవికీ మధ్య ప్రేమ ఎక్కడ తెగిపోయింది? బ్రాహ్మణుల ఇంటి గుమ్మం దగ్గర తెగిపోయింది. అరుగు మీద అందరం కలిసి టీ తాగొచ్చు, గుమ్మం దాటితే లెక్క వేరు. సినిమా ఆ లెక్కని దాచలేదు. చూసినోళ్లే అరుగుని చూసి మురిసిపోయి, గుమ్మాన్ని మర్చిపోయారు.

అందుకే ఈ రోజు ఒక్క ప్రశ్న మీ ముందు పెడుతున్నాం. పాలెంలో మంచితనం ఉంది, కాదనం. అది ఎక్కడ నుంచి వచ్చింది?

పల్లె నుంచి వచ్చిందంటే మేం ఒప్పుకోం. ముందు మన పేర్లే చూడండి. కంచర అంటే కంచు పని చేసేవాడు. పాలెం అంటే చిన్న ఊరు. ఆ పక్కనే గవర కంచరపాలెం, రెడ్డి కంచరపాలెం. ఉత్తరం మీద చిరునామా రాయాలంటే ముందు కులం రాయాలి! పట్నంలోకి వెళితే రెల్లివీధి. పల్లె మనకి ఇచ్చిపోయిన ఆస్తి ఇదే. ఎవడు ఎక్కడుండాలో గీత గీసి, ఆ గీతకి పేరు పెట్టి పోయింది.

పల్లెని పొగిడే పాటని అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలోనే తిప్పికొట్టారు. ఊరు ప్రజాస్వామ్యానికి పునాది అన్నవాళ్ల ముందు నిలబడి, అది అజ్ఞానానికీ సంకుచితానికీ నిలయమని చెప్పారు. ఆయన చెప్పింది నిజమని మనకి కారంచేడు చూపించింది. అక్కడ తాగే నీళ్ల చెరువు దగ్గర పశువుల కుడితి బాల్చీ కడుగుతుంటే, అదేంటని అడిగినందుకు 1985 జూలై 17న మాదిగపల్లె మీద పడి నరికారు. మిగిలినోళ్లు ఎటు పోయారు? ఇంకో పల్లెకి పోలేదు. పట్నం వైపు, చీరాల వైపు పోయారు. చుండూరులో 1991 ఆగస్టు 6న మళ్లీ అదే కథ. పల్లెలో ప్రేమలుంటే జనం ప్రాణాలు పట్టుకుని పట్నాలకి ఎందుకు పరుగెత్తుతారు?

మన పాలెంలో కొళాయి దగ్గర వరస బిందెల్ని బట్టి నడుస్తుంది. ముందు పెట్టిన బిందె ముందు నిండుతుంది. ఆడోళ్లు జుట్లు పట్టుకునేదాకా వస్తారు గానీ "నీ బిందె నా బిందెకి తగిలింది, మైల పడింది" అనే మాట పైకి అనరు. ఇది చిన్న సంగతి కాదు. చెరువు దగ్గర చచ్చిపోయినోళ్ల లెక్క తెలిసినోళ్లకి ఈ కొళాయి వరస ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఈ వరస ఎవరు నేర్పారు? చెప్తాం వినండి. 1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియా వాళ్లు ఓడల కార్ఖానాకి పునాది వేశారు. 1957లో రిఫైనరీ వచ్చింది. రైల్వే యార్డు పెరిగింది, మర్రిపాలెం పక్కన డీజిల్ షెడ్డు వచ్చింది. స్టీలు ప్లాంటు కోసం 1966లో ఉద్యమం లేచింది, 32 మంది ప్రాణాలు పోయాయి, 1992లో ప్లాంటు జాతికి అంకితమైంది. కంచరపాలెంలోనే పాలిటెక్నిక్, ఐటీఐ, పారిశ్రామిక వాడ, ఉపాధి కల్పనా కార్యాలయం వెలిశాయి. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి మూట కట్టుకుని వచ్చిన మనోళ్లు గ్యాంగుమెన్లయ్యారు, ఖలాసీలయ్యారు, ఫిట్టర్లయ్యారు.

అక్కడ రిజర్వేషన్ పనిచేసింది. పర్మినెంటు ఉద్యోగం ఇచ్చింది. ఉద్యోగం జీతం ఇచ్చింది. జీతం రోజున కిరాణా కొట్టు షావుకారు "ఒరే" మానేసి "ఏవండీ" అన్నాడు. చీటీపాటలో మన పేరు రాశారు. ఒకే షిఫ్టులో ఒకే క్యారియరు విప్పుకుని తిన్నోళ్లు, తిరిగొచ్చాక ఒకే అరుగు మీద కూర్చోక ఎక్కడ కూర్చుంటారు? పాలెం మంచితనం పల్లె నుంచి రాలేదు. జీతం నుంచి వచ్చింది, యూనిఫారం నుంచి వచ్చింది, యూనియన్ జెండా కింద నిలబడ్డ రోజుల నుంచి వచ్చింది.

అలాగని అంతా అయిపోయిందని చెప్పటం లేదు. మనోడు అద్దె ఇంటికి వెళితే బోర్డు "టు లెట్" అనే ఉంటుంది. ఇల్లు గలాయన ఊరు అడుగుతాడు, ఉద్యోగం అడుగుతాడు, ఎంతమంది ఉంటారని అడుగుతాడు. ఆఖరికి గొంతు తగ్గించి "మీరేటోళ్లు బాబూ?" అంటాడు. జవాబు విన్నాక ఆయన బావమరిది ఎక్కడి నుంచో ఊడిపడి ఆ ఇంట్లో దిగిపోతాడు! అమ్మవారి పండగలో డప్పు మనది, చందా మనది, ఘటం ఎత్తే చేతులు వేరే వాళ్లవి.

అందరూ అందరికీ తెలిసిన చోట ఇంకో బాధుంది. తెలియటమే కాపలా అవుతుంది. మన పిల్ల తోటి కుర్రాడితో రెండు మాటలు మాట్లాడితే, పిల్ల కంటే ముందు కబురు ఇంటికొస్తుంది. "మీ వాళ్ల పిల్లలు అంతే" అని ఒక ముక్క కలిపి మరీ వస్తుంది. తెల్లవారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే మన అక్కలు ఈ మాటలు కూడా ఊడ్చుకుంటూ పోవాలి.

పని ఇచ్చిన నగరమే జబ్బు కూడా ఇచ్చింది. పోర్టు బొగ్గు పొడి ఉతికిన బట్టల మీద పడుతుంది, పిల్లల గొంతుల్లో పడుతుంది. మనకి దగ్గర్లోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైంది. జనం నిద్రలోంచి లేచి చీకట్లో పడుతూ లేస్తూ పరుగెత్తారు. 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ గోడ పక్కన స్థలం చవక, అందుకే అక్కడ ఉండేది పేదోళ్లే. ఆ చవక ఖరీదు ఎంతో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు అసలు ప్రమాదం ఇంకోటి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం స్టీలు ప్లాంటులో నూటికి నూరు శాతం వాటాలు అమ్మటానికి ఒప్పుకుంది. కార్మికులు రోడ్డెక్కారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. కానీ పర్మినెంటు వాడు రిటైరైతే ఆ కుర్చీలో కాంట్రాక్టు వాడు కూర్చుంటున్నాడు. రైల్వేలో ఊడ్చే పని కాంట్రాక్టుకి పోయింది. కాంట్రాక్టరు పుస్తకంలో రోస్టరు ఉండదు, రిజర్వేషన్ ఉండదు. తాత ఖలాసీ, తండ్రి ఫిట్టరు, కొడుకు ఐటీఐ పాసై మోటారు సైకిలు మీద తిండి పొట్లాలు మోస్తున్నాడు.

జీతం పోతే ఏమవుతుందో ఆలోచించండి. చీటీపాటలో పేరు పోతుంది. కొట్టు దగ్గర అప్పు పోతుంది. షావుకారు నోట్లో "ఏవండీ" మెల్లగా మళ్లీ "ఒరే" అవుతుంది. అరుగు అక్కడే ఉంటుంది గానీ, దాని మీద మనకి చోటుండదు. ప్రైవేటీకరణ అంటే పేపర్లో లెక్కల సంగతి అనుకోవద్దు. అది మన వీధిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారనే సంగతి.

అందుకని మూడు పనులు చేద్దాం. ఒకటి, ప్రభుత్వ రంగంలో కాంట్రాక్టు పనుల్లోనూ రిజర్వేషన్ ఉండాలని ప్రతి యూనియన్ చేతా అనిపిద్దాం. రెండు, పట్టా లేని ప్రతి ఇంటికీ ఆ ఇంటి ఆడమనిషి పేరు మీద పట్టా అడుగుదాం. మూడు, "మీరేటోళ్లు?" అని అడిగినోడిని నలుగురం కలిసి వెళ్లి, "ఎందుకడిగావు?" అని అడుగుదాం. ఒక్కడు అడిగితే తగువు, నలుగురు అడిగితే వీధి మాట.

పల్లె ప్రేమలు కావాలనే వాళ్లు సినిమా చూసి ఇంటికి పోతారు. మనం ఇక్కడే ఉంటాం. ఉన్న చోటు నిలబెట్టుకోవాల్సింది మనమే.

జై భీమ్!