పన్ను జివ్వుమంటే

(ఆటోనగర్‌లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళతో ఒక ఆరోగ్య కార్యకర్త చెప్పిన మాటలు)

 

ఈ రోజు మన పళ్ళ గురించి మాట్లాడుకుందాం. చల్లని నీళ్ళు తాగితే మీలో ఎంతమందికి పళ్ళు జివ్వుమంటాయి? చేతులెత్తండి. చూశారా, సగం మంది ఎత్తారు. నేనూ ఎత్తుతున్నాను.

మా అమ్మ ఇటుక పొడితో పళ్ళు తోమేది. మాకూ అదే నేర్పింది. తెల్లగా రావాలని గట్టిగా రుద్దేవాళ్ళం. నాకు ముప్పై ఏళ్ళకే పన్ను జివ్వుమనడం మొదలయింది. "పళ్ళన్నాక జివ్వుమనవేటి? అదే పోతాదిలే" అంది అమ్మ. లవంగం పెట్టుకున్నాను. ఆ పక్క నమలడం మానేశాను. రెండేళ్ళకి దవడ పన్ను పుచ్చిపోయింది. ఒక రాత్రంతా ఏడ్చి, తెల్లారి పీకించుకున్నాను. ముందే వెళ్ళి ఉంటే ఆ పన్ను దక్కేది. పన్ను ఎందుకు జివ్వుమంటుందో అప్పుడు నాకు తెలీదు. తర్వాత తెలుసుకున్నది మీకు చెబుతాను.

ఆటోనగర్‌లో లారీ టైరు చూడని వాళ్ళు లేరు. టైరుకి పైన దళసరి రబ్బరు. దాని కింద దారాల పొర. లోపల గాలి ట్యూబు. పన్ను కూడా అలాంటిదే. దానికీ మూడు భాగాలు ఉన్నాయి.

పైపొర పేరు ఎనామిల్. పింగాణీ పొర అని కూడా అంటారు. మన ఒంట్లో ఇంతకన్నా గట్టిది లేదు. దాని కింద పొర పేరు డెంటిన్. పంటిలో ఎక్కువ భాగం ఇదే. రంగు కొంచెం పసుపు. దాని లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. గుజ్జులో రక్తం, నరాలు ఉంటాయి. పన్ను రాయి కాదమ్మా. దానికి ప్రాణం ఉంది.

100 గ్రాముల డెంటిన్ తీసుకుంటే, అందులో సుమారు 70 గ్రాములు కాల్షియం, భాస్వరం కలిసిన గట్టి పదార్థం. 20 గ్రాములు నారలాంటి మాంసకృత్తులు. మిగతా 10 గ్రాములు నీరు. అదే ఎనామిల్‌లో అయితే సుమారు 96 గ్రాములు గట్టి పదార్థమే. అందుకే డెంటిన్ ఎనామిల్ కన్నా మెత్తన.

డెంటిన్ నిండా సన్నని గొట్టాలు ఉంటాయి. కంటికి కనబడవు. గుజ్జు దగ్గర ఆవగింజ కన్నా చిన్న చోటులో సుమారు 45 వేల గొట్టాలు ఉంటాయి. వాటి నిండా నీరులాంటి ద్రవం ఉంటుంది. పైపొర అరిగినా, చిగురు కిందికి జారినా ఈ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లన తగలగానే ద్రవం కదులుతుంది. ఆ కదలిక లోపలి నరానికి తెలుస్తుంది. అదే జివ్వుమనడం.

ఇప్పుడు మన విశాఖపట్నం కథ ఒకటి వినండి. ఏనుగు దంతం అంటే ఏనుగు పన్నే. అది దాదాపు అంతా డెంటినే. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్ళు దాన్ని రేకులుగా కోసి పెట్టెలకు, కుర్చీలకు అతికేవారు. దాని మీద పువ్వులు, తీగలు చెక్కి, గీతల్లో నల్లని లక్క నింపేవారు. ఆ పెట్టెలు ఇప్పటికీ లండన్ మ్యూజియంలో ఉన్నాయి. ఇప్పుడు ఏనుగు దంతం అమ్మడం, కొనడం నేరం.

ఈ కథ ఎందుకు చెప్పాను? డెంటిన్ మీద పనిముట్టు దిగుతుంది. ఇటుక పొడి, బొగ్గు పొడి కూడా దిగుతాయి. ఏనుగు దంతం మీద పువ్వులు పడ్డాయి. మన పళ్ళ మీద గుంటలు పడతాయి.

ఇక పుచ్చు సంగతి. పంటిలో పురుగు ఉండదు. నోట్లో ఉన్న సూక్ష్మక్రిములు మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి. అది ఎనామిల్‌ని కరిగిస్తుంది. డెంటిన్ చేరాక పుచ్చు వేగంగా పాకుతుంది. పుచ్చు వంకాయ చూడండి. పైన చిన్న చిల్లే. కోస్తే లోపలంతా నలుపు. గుజ్జు దాకా పోతే రాత్రి నిద్ర ఉండదు.

బ్యాటరీ పనిచేసే మగవాళ్ళకీ ఒక మాట చెప్పండి. యాసిడ్ ఆవిరి ముందు పళ్ళని కరిగిస్తుంది. గాలి ఆడే చోట పని చెయ్యమనండి.

"డాక్టరు దగ్గరికెళ్తే పీకేస్తారు కదమ్మా?" అని ఒక అక్క అడుగుతోంది. ఆలస్యంగా వెళ్తేనే అక్కా. గుజ్జు అంచున ఉన్న కణాలు బతికున్నన్నాళ్ళు కొద్దికొద్దిగా కొత్త డెంటిన్ వేస్తాయి. దెబ్బ తగిలిన చోట లోపలి నుంచి గోడ కడతాయి. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే శుభ్రం చేయించి సిమెంటు పెట్టించుకుంటే పన్ను నిలుస్తుంది. ఎనామిల్ మాత్రం మళ్ళీ పెరగదు. అరిగిన టైరుకి కొత్త రబ్బరు వేస్తారు. పంటికి ఆ పొర ఒక్కసారే వస్తుంది.

కాబట్టి ఇటుక పొడి, బొగ్గు మానండి. మెత్తని బ్రష్షుతో, నెమ్మదిగా, పొద్దున్న ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోమండి. పేస్టు కొనేటప్పుడు ఫ్లోరైడ్ ఉందా అని అడగండి. పులుపు తిన్న వెంటనే తోమకండి. నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగండి.

ఈ రాత్రి దీపం దగ్గర అద్దం పట్టుకుని మీ పళ్ళు, మీ పిల్లల పళ్ళు చూడండి. నల్లచుక్క కనబడినా, పన్ను జివ్వుమన్నా, నాలాగా రెండేళ్ళు ఆగకండి. ఈ వారమే పళ్ళ డాక్టరుకి చూపించండి.

సెలవు.