శక్తి రూపాంతరములు – బాలబోధ

“శక్తి నశింపదు, రూపము మార్చుకొనును” అని వ్రాసి మార్కులు తెచ్చుకొనిన బాలుడే, బ్రేకుపడిన చక్రము వేడెక్కుట కేమి కారణమన్న తెల్లబోవును. తప్పు బాలునిది కాదు, మన బోధది.

కొత్తవలస పిల్లలకు పాఠము పట్టాలమీదనే నడచుచున్నది. కిరండూలు మార్గములోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తున నున్నది. ఇనుపఖనిజపు బండ్లు అచ్చటినుండి దిగివచ్చును. యెత్తునందు దాగిన శక్తి దిగునపుడు వేగమగును. బ్రేకు పట్టిన, వేగము వేడియగును. కొన్ని విద్యుత్తు యింజనులలో మోటారే జనకయంత్రమై, ఆ వేగమును మరల విద్యుత్తుగా మార్చి తీగకిచ్చును.

ఉపాధ్యాయులారా, “వేగ మెక్కడికి పోయినది?” అని ముందుగా నడుగుడు. ఉత్తరము చెప్పవలదు. అరచేతులు గట్టిగా రుద్దుకొనుమనుడు. వేడి తగిలిన చేయి సూత్రమును మరువదు.