పొరుగింటి పొయ్యి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతానికి కరువు కొత్త కాదు. 1876లో మొదలైన ధాత కరువు మన ముత్తాతలు చూచినది. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టవలసి వచ్చింది. నేడు ఆ స్థితి లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టంతో మనిషికి నెలకు 5 కిలోల హక్కు వచ్చింది. 2023 నుంచి ఆ బియ్యం ఉచితం. అయినా కొన్ని ఇండ్లలో పస్తులెందుకు?

మొహల్లాలో పాతకాపులకు కష్టమొస్తే అంగడివాడు ఖాతా రాసుకొని సరుకులిస్తాడు. పక్కింటి ఖాలా శేరు బియ్యం బదులిస్తుంది. మసీదు పెద్దలకు వారి ముఖం తెలుసు. కూలికో, మగ్గం పనికో ఊరు మారి బాడుగ ఇంట్లో చేరినవారికి ఈ మూడూ ఉండవు. బియ్యం ఊర్లో ఉంటే చాలదు, ఆ గడపకు దారి ఉండాలి.

ఒక సంగతి చెబుతాము. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ధర్మవరంలో మగ్గాలు ఆగినాయి. పెళ్లిళ్లు లేక పట్టుచీరలు కొనేవారు లేరు. హిందూపురంలో మన యువకులు సరుకులు పంచినారు. జాబితా రాసింది మేమే. పంతుళ్లము గదా, ప్రతి ఇల్లూ తెలుసని మా ధీమా. రంజాన్ సగం గడిచినాక తెలిసింది, మా దగ్గర చదివే ఒక పిల్లవాని ఇంట్లో సహరీకి నీళ్లు, ఇఫ్తారుకు గంజి అని. ధర్మవరం నుంచి వచ్చిన కుటుంబం. అదే వీధిలో నాలుగిండ్ల అవతల మేము మూటలు దించినాము.

"అడగలేదేమమ్మా?" అన్నాము.

"అడిగేదానికి ఇక్కడ మాకెవరున్నారు సార్?" అన్నది ఆ తల్లి.

బడి నడిచినన్నాళ్లు పిల్లవాడు మధ్యాహ్న భోజనం తిన్నాడు గనుక ఆ ఆకలి మా కంట పడలేదు. కార్డు ధర్మవరందైనా ఇక్కడి డీలరు దగ్గర బియ్యం తీసుకోవచ్చునని వారికి చెప్పిన మనిషి లేడు. తప్పు మాదే. తెలిసినవారి పేర్లే రాసినాము.

ఇజ్జత్ మాట కూడా ఉన్నది. ఫోటోకు నిలబడి బియ్యం తీసుకోవడంకంటే పస్తే మేలనుకునే తల్లులు మనలో చాలామంది ఉన్నారు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదని మన దీన్ నేర్పలేదా?

కనుక మా మనవి మూడు మాటలు. జాబితా తెలిసిన పేర్లతో గాక వీధివారీగా, బాడుగ ఇండ్లతో మొదలుపెట్టి రాయాలి. ఇచ్చేది చీకటి పడ్డాక, ఫోటో లేకుండా ఇవ్వాలి. జకాత్, ఫిత్రా రంజాన్‌లో వస్తాయి, ఆకలి మాత్రం వాన తప్పిన ఏ నెలలోనైనా వస్తుంది. అందుకని ప్రతి ఇంటా వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసిపెట్టి, ఏడాది పొడుగునా సంఘంలో నిల్వ ఉంచాలి.

పొరుగువాడంటే మతం అడిగేది లేదు. పొయ్యి వెలిగిందా అని మాత్రమే అడగాలి. వారు మన గడపకు రాకముందే మనం వారి గడపకు పోదాము, ఇన్షా అల్లాహ్.

సెలవు. ఖుదా హాఫిజ్.