నిశ్శబ్ద నగరపు వీధి చిత్రములు
(మన సంఘ ఛాయాచిత్ర ప్రదర్శనమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ గోడపై నున్న చిత్రములలో అధికభాగము 2020 మార్చి, ఏప్రిల్, మే మాసములలో చెన్నపురి జార్జిటౌనులో తీసినవి. మార్చి 22వ తేదీ ఆదివారమున జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీ మొదలు దేశమంతట రాకపోకలు నిలిచిపోయెను. లాక్‌డౌను అను మాట మన ముసలమ్మల నోట కూడ పడినది అప్పుడే గదా! కూరగాయలకును మందులకును తప్ప మేము గడప దాటలేదు. సంచి చేత బట్టుకొని పోవుచు, దారిలో నిలిచి ఫోనుతో తీసిన చిత్రములే యివి.

తంగసాల వీధిని మీరెరుగుదురు. అచ్చట చేతిబండికి ఆటో అడ్డము, ఆటోకు ఆవు అడ్డము, ఆవుకు మనిషి అడ్డము. చిన్ననాటి నుండి నడచుచున్నను ఆ వీధి నేల యెట్లుండునో మేమెన్నడును చూచి యెరుగము. ఆ దినములలో చూచితిమి. తలయెత్తి మేడలను గూడ చూచితిమి. కొయ్య స్తంభములు, ఇనుప కటకటాలు, ఒక పాత సత్రపు నుదుట సున్నపు పూతల క్రింద సగము మాసిన తెలుగు అక్షరములు అగుపించెను. అవి ఇన్నాళ్లును అచ్చటనే యున్నవి.

ఈ కళ పుట్టిన తొలినాళ్ల ముచ్చట యొకటి కలదు. 1838లో పారిస్ నగరమున డాగెర్ అను నాతడు తన కిటికీ నుండి ఒక పెద్ద వీధిని చిత్రించెను. పలకపై రూపము పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది గనుక, కదలిపోవు బండ్లును జనమును దానిపై నిలువలేదు. బూట్లు తుడిపించుకొనుచు నిలిచిన యొక మనుష్యుడు మాత్రము స్పష్టముగ మిగిలెను. తుడుచువాడు మసకగా కనబడును. సందడి గల వీధి అట్లు శూన్యముగ తోచెను. మన వీధి నిజముగనే శూన్యము. చూచుటకు మాత్రము రెండును ఒకే తీరు. ప్రక్కన నాలుగు మాటలు వ్రాసియుండనిచో ఏది యెట్టిదో ఎవరు చెప్పగలరు?

ఇక కటువైన మాట యొకటి చెప్పవలసి యున్నది. చూచినవారెల్లరు "ఆహా, ఎంత ప్రశాంతము!" అనుచున్నారు. మేమును మొదట అట్లే అంటిమి. ఏడవ చిత్రమును చూడుడు. మూసిన అంగడి మెట్టు, గొలుసుతో కట్టిన చేతిబండి. ఆ బండి లాగునాతడు రాత్రులు దానిపైననే పరుండెడివాడు. ఊరు మూయబడినప్పుడు ఎచ్చటికి పోయెనో, ఏమి తినెనో మేమడుగలేదు. చిత్రము బాగుగ వచ్చినదని సంతసించి యింటికి వచ్చితిమి. ఇరువది యేండ్లు మా సామాను మోసిన వాని పేరు మాకు తెలియదు.

1996లో కొత్వాల్ చావడి టోకు సంత కోయంబేడుకు తరలినప్పుడును ఆ వీధులు ఇట్లే బోసిపోయెను. నాటి చిత్రములకై మన యిండ్లలో వెదకితిమి, ఒక్కటియు దొరకలేదు. కావున 2020 నాటి చిత్రములు మీ ఫోనులలో నున్నచో అచ్చు వేయించి తెండు. వెనుక తేదీ, వీధి, అచ్చట నిత్యము కూర్చుండువారెవరో వ్రాయుడు. ఒకరినుండి యొకరికి పంపుకొన్న చిత్రములకు పంపిన తేదీయే అంటుకొని అసలు తేదీ పోవుచున్నది. ఇందు జాగ్రత్త వహింపవలెను.

ఏడవ చిత్రము క్రింద తెల్లకాగిత మొకటి అంటించియుంచితిమి. బండివాని పేరు తెలిసిన వారుండినచో దానిపై వ్రాయ వేడుచున్నాము. పెన్సిలు దారముతో కట్టియున్నది.