కుంచమును కొలుచుట



ధాన్యము కొనువాడు గింజను చూచుటకు ముందు కుంచమును చూచును. తూకముపై అనుమానము కలిగినచో సరకును రాళ్లను తారుమారు చేసి మఱల తూచుమనును. ఈ బుద్ధి విద్యుత్పరికరముల యెడల గూడ వలయునని నష్టపడిన పిమ్మట నాకు తెలిసినది. ఆ సంగతి మనవి చేసెదను.

ఎలక్ట్రానిక్సు పరికరములను ఇంటిలో కూర్చుకొనుట నాకొక వేడుక. మా గదిలో యాసంగి విత్తునకై వేరుసెనగకాయలు నిలువచేయుదుము. గాలిలో తేమ నూటికి 70 పాళ్లు దాటి చిరకాలము నిలిచినచో కాయకు బూజు పట్టును. కావున డి.హెచ్.టి.11 అను తేమకొలుచు సెన్సారును చిన్న డబ్బాలో అమర్చి గోడకు తగిలించితిని. వానకాలమంతయు అది 58కి అటునిటుగా చూపుచుండెను. నేను నిశ్చింతగా నుంటిని. తుదకు బస్తాలు కదపగా అడుగువి రెండు బూజుపట్టి యుండెను. అట్టి కాయలు విత్తుటకు పనికిరావు. అందు అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును గనుక తినుటకును, పశువులకు పెట్టుటకును తగవు.

అప్పుడు బి.ఎం.ఇ.280 అను మఱియొక సెన్సారును తెచ్చి అదే గదిలో వ్రేలాడగట్టితిని. అది 71 చూపెను. మా పెదనాన్నగారు చూచి, “నాయనా, ఒక గదికి రెండు మాటలా? ఏది నమ్మవలెను?” అనిరి. నాకు జవాబు తోచలేదు. మొదటిదానికి 5 పాళ్లు, రెండవదానికి 3 పాళ్లు అటునిటు తేడా రావచ్చునని తయారుచేసినవారే చెప్పుదురు. అంత వాసి ఇచ్చినను ఆ రెండంకెలును కలియవు.

ఇట్టి తగవు తీర్చు సాక్షి మన వంటయింటిలోనే కలదు. అది ఉప్పు. గాజుజాడీలో ఉప్పు పోసి, కరగిపోకుండ తడియిసుకవలె నగునట్లు కొద్దిగా నీరు చిలుకరించి, మూత బిగింపవలెను. 20 మొదలు 30 డిగ్రీల వరకు, లోపలి గాలిలో తేమ సుమారు 75 పాళ్ల వద్ద నిలుచును. సెన్సార్లకు ఉప్పు తగులకుండ రెంటిని జాడీలో వ్రేలాడదీసి, ఎండ తగులనిచోట ఒక రాత్రి యుంచితిని. ఉదయమున మొదటిది 70, రెండవది 73 చూపెను. అనగా ఒకదానికి 5, రెండవదానికి 2 కలుపవలెను.

అట్లు కలిపినను గదిలో ఒకటి 63, రెండవది 73 చెప్పుచుండెను. పది పాళ్ల తేడా ఇంకను మిగిలెను. ఒకే ఉష్ణమాపకముతో పరీక్షింపగా గదిలో 31 డిగ్రీలు, డబ్బాలో 34 డిగ్రీలు! సెన్సారు క్రిందనున్న పలక పనిచేయుచు వేడెక్కుచుండెను. వేడెక్కిన గాలి, తనలోని నీరు తగ్గకున్నను, పొడిగా కొలతకు వచ్చును. దోషము సెన్సారుది కొంత, దానిని కూర్చుండబెట్టిన నాది అధికము. జానెడు తీగతో దానిని డబ్బా వెలుపలికి తీసితిని. నాటినుండి రెండును ఒక పాలు తేడాతో ఒకే మాట చెప్పుచున్నవి.

ఒక హెచ్చరిక. ఉప్పుపరీక్ష 75 దరిదాపుల కొలతకే సాక్ష్యము. పొడిగాలిలోని కొలతను నమ్మవలెనన్నచో మెగ్నీషియం క్లోరైడు అను లవణముతో గూడ పరీక్షింపవలెను. అది 33 పాళ్ల వద్ద నిలుపును. సెన్సారు కాలక్రమమున తప్పుదారి పట్టును గనుక ఏటేట ఈ పని చేయుట మేలు.

పెదనాన్నగారిప్పుడు తేమ యెంతయని మొదట నడుగరు. “ఉప్పులో ఎన్నడు పెట్టితివిరా?” అని యడుగుదురు. ఆ ప్రశ్న ముందే యడిగియున్నచో రెండు బస్తాల విత్తనము దక్కియుండెడిది.