టాపు లేని కారు, అంతు లేని ఖర్చు

(వారాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానిక్‌ని కాను. న్యూజెర్సీలో పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నవాణ్ణి. అయితే ఒక పాత కారు పుణ్యమా అని ఆరు వేల డాలర్ల ఫీజు కట్టి కొంత చదువుకున్నాను. ఆ చదువు మీకు ఉచితంగా పంచుదామని వచ్చాను.

మనవాళ్ళలో చాలామందికి యాభై దాటాక ఒక కోరిక పుడుతుంది. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోతారు, వ్యాన్ అమ్మేస్తాం, గరాజ్‌లో చోటు మిగులుతుంది. సరిగ్గా అప్పుడే కంటపడుతుంది, టాపు తెరుచుకునే రెండు సీట్ల కారు. నేను కొన్నప్పుడు దాని వయసు పదిహేనేళ్ళు, ధర 11,500 డాలర్లు. కొత్త కామ్రీ ధరలో సగం కూడా లేదు! ఏ కంపెనీదో చెప్పను. తప్పు కంపెనీది కాదు, కారు వయసుది, నా తొందరది.

ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా. ఈ కార్ల సంగతీ అంతే. కారు ధర పడిపోతుంది గానీ, దానిలో విడిభాగాల ధర పడిపోదు. ఎనభై తొంభై వేల డాలర్ల కారు పదివేలకు వచ్చినా, దానికి పంపు వేయించాలంటే ఎనభై వేల కారు పంపే వేయించాలి. ఏనుగును కొనడం తేలికే, మేపడమే కష్టం.

ఇక జబ్బుల సంగతికి వద్దాం. ముఖ్యంగా నాలుగు.

మొదటిది నీళ్ళు. టాపు చుట్టూ పడ్డ వాన నీరు పోవడానికి సన్నటి కాలువలు, రంధ్రాలు ఉంటాయి. శరదృతువులో రాలిన ఆకులు వాటిలో ఇరుక్కుంటే నీరు వెనక్కి మళ్ళి డిక్కీలోకి చేరుతుంది. చాలా కార్లలో టాపు నడిపే పంపో, మోటారో, కంప్యూటర్ పెట్టెలో అక్కడే ఉంటాయి. నా కారులో జరిగింది ఇదే. పంపు మార్చడానికి 1,850 డాలర్లయింది. మెత్తటి ప్లాస్టిక్ తీగతో ఏడాదికి రెండుసార్లు ఆ రంధ్రాలు శుభ్రం చేసుకుంటే ఖర్చు సున్నా.

రెండోది హైడ్రాలిక్ నూనె. టాపును ఎత్తి దించేది సిలిండర్లలోని నూనె ఒత్తిడి. ఏళ్ళు గడిచేకొద్దీ వాటి సీళ్ళు గట్టిపడి కారడం మొదలవుతుంది. జాగ్వార్ ఎక్స్‌కె8 టాపు తాలూకు గొట్టం అద్దం దగ్గర పగిలి, పచ్చటి నూనె నడిపేవాళ్ళ నెత్తిన పడడం ఆ కారు అభిమానులందరికీ తెలిసిన కథే. ఇక్కడొక కిటుకు ఉంది. కొత్త సిలిండర్లు కొననక్కర్లేదు. పాతవి విప్పి పంపితే సీళ్ళు మార్చి తిరిగి పంపేవాళ్ళున్నారు. చాలా తక్కువలో పోతుంది.

కొన్ని కార్లలో సస్పెన్షన్ కూడా నూనె మీదే నడుస్తుంది. 2003 మోడల్‌గా అమెరికాకు వచ్చిన మెర్సిడీస్ ఎస్ఎల్500లో ఇలాంటి ఏర్పాటే ఉంది. అందులో ఒత్తిడి 200 బార్ల దాకా పోతుంది. కారు టైరులో ఉండేది రెండున్నర బార్లు. తేడా మీరే చూసుకోండి. అంత ఒత్తిడిలో ఎక్కడ చిన్న గొట్టం కారినా కారు ఒక మూలకు ఒరిగిపోతుంది.

మూడోది బ్రేకులు. ఆ తరం ఎస్ఎల్ కార్లలో ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకు ఉండేది. దాని మీద మెర్సిడీస్ 2004లో ప్రపంచవ్యాప్తంగా 6,80,000 కార్లను వెనక్కి పిలిపించింది. ఆ తర్వాత అమెరికాలో దాని వారంటీని 25 ఏళ్ళకు పొడిగించారు. ఇలాంటి కారు చూస్తుంటే విన్ నంబరుతో డీలరును అడగండి, ఇంకా వర్తిస్తుందో లేదో తెలుస్తుంది. డాష్‌బోర్డు మీద బ్రేకు హెచ్చరిక వెలిగిందంటే ఆ కారు ఇంటికి కాదు, షాపుకే, అదీ టో ట్రక్కు మీద.

నాలుగోది ఇంజను లోపలిది. 2008 దాకా వచ్చిన పోర్షే బాక్‌స్టర్ ఇంజన్లలో ఐఎంఎస్ అనే బేరింగు ఉంటుంది. అది అన్నిట్లోనూ పోదు, పోతే మాత్రం ఇంజనే పోతుంది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో అసలు ఆ షాఫ్టే లేదు. చాలా పాత బాక్‌స్టర్లలో దాన్ని మార్చాలంటే గేరుబాక్సు దింపాలి. కనుక క్లచ్ వేయించే రోజునే అదీ వేయిస్తే కూలి ఒకసారే. ఎక్స్‌కె8 తొలి ఇంజన్లలో టైమింగ్ చెయిన్‌ను బిగించేవి ప్లాస్టిక్‌వి, అవి పగులుతాయి. మార్చారా, రసీదు ఉందా అని అడగకుండా కొనకండి.

ఇప్పుడు నా కథ. మొదటి ఏడాదిలో బ్యాటరీలు 420, టాపు పంపు 1,850, ముందు సస్పెన్షన్ 3,900. మొత్తం 6,170 డాలర్లు. కారు ధరలో సగానికి పైనే. డీలరు ఆ సస్పెన్షన్‌కే 6,200 అడిగాడు. ఇండిపెండెంట్ మెకానిక్ దొరకబట్టి అక్కడికి దిగింది.

ఆ 3,900 క్రెడిట్ కార్డు మీద వేశాను. ఇంట్లో మాత్రం తొమ్మిది వందలు అని చెప్పాను. ముందున్న అంకె మింగేశాను.

మూడు వారాల తర్వాత రాత్రి రెండింటికి తెనాలి నుంచి తమ్ముడి ఫోను. "అన్నయ్యా, నాన్న బాత్‌రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అంటున్నారు."

మర్నాటి విమానానికి టికెట్టు 2,300 డాలర్లు. నా కార్డు పట్టలేదు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పట్టలేదు. మా ఆవిడ వెనక నిలబడి చూస్తోంది. ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి తన కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. టికెట్టు వచ్చాక మాత్రం ఒక్క మాట అంది: "కారు కొన్నందుకు నాకేం బాధ లేదండీ. అబద్ధం ఎందుకు చెప్పారు?"

విమానంలో ఇరవై గంటలు ఆ ప్రశ్నతోనే కూర్చున్నాను.

ఆపరేషన్ బాగానే అయింది. మూడో రోజు నాన్న లేచి కూర్చుని, "ఏరా, కారెలా ఉంది?" అన్నారు. ఎప్పుడో ఫోటో పంపాను. బాగుంది నాన్నా అన్నాను. "నెలకెంత అడుగుతుంది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. నాన్న ఒకే బజాజ్ చేతక్ మీద ఇరవై రెండేళ్ళు బడికి వెళ్ళి పాఠాలు చెప్పారు. స్కూటరు డిక్కీలో ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. ప్లగ్గు ఎప్పుడు మార్చారో, క్లచ్ వైరు ఎంతకు కొన్నారో, అన్నీ అందులో రాసేవారు. జీతం రాగానే స్కూటరు పేరున పది రూపాయలు విడిగా తీసి పెట్టేవారు. ఆయనకు తన బండి ఎంత తింటుందో తెలుసు. నాకు తెలియదు.

తిరిగొచ్చాక మొదట మా ఆవిడకు అసలు బిల్లు చూపించాను. తర్వాత ఇద్దరి పేరునా ఒక ఖాతా తెరిచి నెలకు 250 డాలర్లు వేస్తున్నాను. కారుకు ఏం చేయించినా అందులోంచే. ఖాతా ఖాళీ అయితే కారు గరాజ్‌లోనే. డబ్బు నిండేదాకా కదలదు. ఆ లెక్క రాసే పుస్తకం వంటింట్లో, ఇద్దరికీ కనబడేచోట ఉంటుంది.

కొనాలనుకునేవాళ్ళకు నా సలహా ఇంతే. ఆ కారు తెలిసిన మెకానిక్‌కు రెండు మూడు వందలిచ్చి ముందు చూపించండి. టాపు నాలుగుసార్లు తెరిచి మూయించండి. డిక్కీలో తివాచీ ఎత్తి తడి ఉందేమో తడమండి. పాత రసీదులు అడగండి. కారు ధరలో సగమంత డబ్బు చేతిలో పెట్టుకుని దిగండి. వాయిదా వేయాల్సి వస్తే టాపు వాయిదా వేయండి. బ్రేకులు, టైర్లు, ఇంజను చల్లబరిచే ఏర్పాటు మాత్రం ఎన్నడూ వాయిదా వేయకండి. అన్నిటికన్నా ముందు, బిల్లు ఎంతయితే అంతా ఇంట్లో చెప్పండి.

నాన్న ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. ఆదివారం ఫోను చేస్తే మొదట అడిగేది అదే, "ఈ నెల ఎంతయిందిరా?" అని. పుస్తకం తెరిచి చదివి వినిపిస్తాను.